పుట్టిన ఊరి కాగితం

తొమ్మిదో భాగం

"లేదట," అంది గ్లెనిస్.

రిజిస్ట్రారు ఆఫీసు ఉత్తరాన్ని ఆమె అప్పటికే మూడుసార్లు చదివింది. నాలుగోసారికి మాటలేమైనా మారతాయేమోనని కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. మారలేదు. వాల్టర్ హార్బొటిల్ అనే మగబిడ్డ 1938లో గాని, దానికి ముందు రెండేళ్లలో గాని, తర్వాత రెండేళ్లలో గాని మార్ష్‌బీలో పుట్టినట్టు తమ పుస్తకాల్లో ఎక్కడా లేదని రాసి, కింద ఎవరో గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టారు.

"లేకపోవడమేమిటి?" ఆమె మొగుడు నెవిల్ చేతిలోని టోస్టు ముక్కను పళ్లెంలో పడేశాడు. "మా నాన్న పుట్టలేదా? పుట్టకుండానే నన్ను కన్నాడా?"

"నా మీద అరుస్తావేం? మీ నాన్నకి నేను పురుడు పోశానా?"

"ఆ ఆఫీసులో పిల్లలకి కంప్యూటర్లున్నాయి గానీ కళ్లు లేవు. ట్రాక్ గేటు మీద మూరెడేసి అక్షరాలతో రాసుంది, 'మార్ష్‌బీ కన్న బిడ్డ వాల్ట్ హార్బొటిల్' అని. వచ్చి చదువుకోమను!"

"అయితే గేటు ఊడబెరికి వీసా వాళ్లకి పంపిద్దామా?"

నెవిల్ తలెత్తి చూశాడు. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. పన్నెండింటికి కాటింగ్‌హామ్ ఫోన్ చేస్తాడు.

మట్టి ట్రాక్ మీద మోటారు సైకిళ్ల పందేలాడే మార్ష్‌బీ స్పీడ్‌వే జట్టుకు కాటింగ్‌హామ్ యజమాని, నెవిల్ మేనేజరు. కాటింగ్‌హామ్ మాట మీద నిలబడే మనిషే గానీ, గడువు దాటాక కన్నతల్లి చెప్పినా వినడు. పొద్దున ఎనిమిదింటికే తేల్చి చెప్పేశాడు. "వాడి కాగితాలన్నీ చేతికొచ్చాయని చెప్పు నెవిల్, వీసా వచ్చేదాకా పక్క ఊళ్ల రైడర్లని అరువు తెచ్చి నెట్టుకొస్తాను. రాలేదంటావా, ఏడుగురి జట్టులో ఏడో పేరు వేరేవాడిది రాసేస్తాను. ఒంటిగంటకి జాబితా ఇచ్చెయ్యాలి."

ఆ ఏడో పేరుగల వాడు కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు. లాక్లన్ డ్రూయిట్. ఇరవై రెండేళ్లవాడు. ఆస్ట్రేలియాలోని మిల్డ్యూరా నుంచి వచ్చి, ఈ ఇంటి పై గదిలో మూడు నెలలుగా ఉంటున్నాడు. అందరికీ లాకీ. పెరట్లో గొట్టం పట్టుకుని బండి కడుగుతున్నాడు. ఎక్కడానికి వీల్లేని బండిని ఈ వారంలో కడగడం అది మూడోసారి.

తప్పు వాడిదొక్కడిదే అంటే పాపం తగులుతుంది. అక్కడి కుర్రకారు ఇక్కడికి వచ్చి రెండేళ్లు ఏ పనైనా చేసుకోవచ్చుననే వీసా ఒకటుంది. వాడు దాని మీద వచ్చాడు. ఏ పనైనా అంటే బండి తోలడం కూడా అనుకున్నాడు. నెవిల్ అలాగే అనుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఊరూరి రైడర్లకు ఇంట్లో అన్నం పెట్టి పక్క వేసిన గ్లెనిస్ కూడా అలాగే అనుకుంది. జీతం తీసుకుని ఆటలాడే ఉద్యోగం మాత్రం చేయకూడదని ఆ వీసా రూళ్ల రెండో పేజీలో రాసి ఉంది. బండి తోలడం ఒక ఉద్యోగమని ఏ రైడరు అనుకుంటాడు కనుక? బ్రేకుల్లేని బండిని డెబ్భై మైళ్ల వేగంతో వంపు తిప్పేవాడు రెండో పేజీ దగ్గర బోల్తా పడ్డాడు.

పోనీ ఆటగాళ్లకని వేరే వీసా ఉంది కదా అంటే, దానికి స్పీడ్‌వే సంఘం వాళ్లు ఈ రైడరు తగినవాడని రాసివ్వాలి. పోయిన ఏడాది తొడ ఎముక విరిగి మంచాన పడ్డవాడు పెద్ద పోటీలు ఎక్కడ తోలాడు? తగినన్ని లేవన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు, జట్టు రమ్మన్నా కాగితం రావద్దంది. ఇప్పుడు వాడు పొద్దున్నే నాలుగింటికి లేచి క్యారెట్లు ఏరే షెడ్డుకి పోతున్నాడు. క్యారెట్లు ఎన్నయినా ఏరవచ్చు, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఇక మిగిలింది ఒకే దారి. తాత గాని అమ్మమ్మ గాని ఈ గడ్డ మీద పుట్టి ఉంటే మనవడికి ఐదేళ్ల వీసా ఇస్తారు. దాని మీద బండి తోలినా అడిగే నాథుడుండడు. అది ఇక్కడ కూర్చుని అడిగితే ఇవ్వరు, వాడి దేశం నుంచే అడగాలి. శనివారానికి టికెట్ కూడా కొన్నారు.

వాడి తాత వాల్ట్ హార్బొటిల్. నెవిల్ కన్నతండ్రి.

ఆ సంగతి మూడు వారాల కిందట ఈ వంటింటి బల్ల మీదే బయటపడింది. లాకీ తన పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన పాత ఉత్తరం తీశాడు. వాల్ట్ చలికాలం రేసులకు ఆస్ట్రేలియా పోయి వచ్చిన మరుసటి ఏడాది, అక్కడి షెర్లీకి, అంటే లాకీ నానమ్మకు, రాసింది. 'బిడ్డ నాదే షెర్లీ. కాని నాకిక్కడ ఎడ్నా ఉంది, పిల్లాడున్నాడు.' ఆ పిల్లాడే నెవిల్. అప్పుడతనికి ఐదేళ్లు. అరవై దాటిన ఆ పిల్లాడు ఉత్తరం చదివి లేచి వెళ్లి, వ్యానులో గంటసేపు ఒక్కడే కూర్చున్నాడు.

నెవిల్ తల్లి ఎడ్నా ఆ రోజు నుంచి ముందుగదిలోంచి బయటికి రాలేదు. భోజనం అక్కడికే.

"మీ అమ్మ దగ్గర మీ నాన్న పుట్టినప్పటి కాగితం ఉండి తీరుతుంది," అంది గ్లెనిస్. "పెళ్లికి చూపించలేదూ? వెళ్లి అడుగు."

"నువ్వడుగు."

"నీ తల్లి, నెవిల్."

"నా తల్లి కనకే అడగలేను. ఏమని అడగమంటావు? 'అమ్మా, నాన్న ఇంకో ఆడదానికి రాసిన ఉత్తరం ఇదిగో, ఇది నాన్న రాతేనని లాయరు కాగితం కింద సంతకం పెట్టు, పెట్టిన చేత్తోనే ఆయన పుట్టిన కాగితం కూడా ఇయ్యి' అనా? ఎనభై మూడేళ్ల ముసల్ది. చస్తే?"

"వాడు చస్తే ఫరవాలేదా?"

"చావడమెందుకు? ఇంటికి పోతాడు."

"పోయి ఏం చేస్తాడు? పోయినేడాది మంచం మీద, ఈ ఏడాది కాగితాల మీద. వచ్చే ఏడాది వాడి పేరు ఎవరికి గుర్తుంటుంది? నువ్వు రైడరువై రెండేళ్లకే బండి దిగావు, నీకు తెలియదా అది?"

అనేశాక ఆమె నాలుక కరుచుకుంది. నెవిల్ సింకు వైపు తిరిగి కప్పు కడగడం మొదలుపెట్టాడు. అప్పటికే కడిగిన కప్పు అది.

గ్లెనిస్ టీ పోసుకుని ముందుగదికి వెళ్లింది.

తలుపు దగ్గర నిలబడి రెండుసార్లు మాట కూడబలుక్కుంది. చక్కగా కుదిరిందనుకున్న మాట తలుపు తీయగానే ఎగిరిపోయింది.

"నిన్ను పంపాడా?" ఎడ్నా కిటికీ దగ్గర కుర్చీలోంచి తల తిప్పలేదు.

"టీ తెచ్చాను అత్తయ్యా."

"టీ తెచ్చే మనిషి తలుపు కొట్టి లోపలికొస్తుంది. నువ్వు ఇందాకట్నుంచీ బయట నిలబడి రొప్పుతున్నావు."

ముసలామె ఒళ్లో ఆదివారం నాటి రేసుల ప్రోగ్రాం ఉంది. గ్లెనిస్ ఆశ్చర్యపోయింది. అరవై ఏళ్లకు పైగా నాలుగో వంపు దగ్గర అదే బెంచీ మీద కూర్చుని, హీటనే ప్రతి నాలుగు రౌండ్ల పందేనికీ ఎవరు ముందు ఎవరు వెనక అని పెన్సిల్‌తో ప్రోగ్రాంలో గీతలు నింపిన మనిషి, లాకీ జీతం లేకుండా సరదాకి నాలుగు రౌండ్లు తోలిన రోజు పెన్సిల్ కింద పెట్టి ఇంటికొచ్చేసింది. పందెం మొదలయ్యే చోట కట్టే టేపుల ముందు బండి ఆపి, తలను రెండుసార్లు కుడి భుజానికి తాకించాడట వాడు. వాల్ట్ అలవాటు అది. ఆ రోజు నుంచి ఆమె ట్రాక్ మొహం చూడలేదు.

"ఇదెక్కడిది?"

"ఆ కుర్రాడే తలుపు కింద నుంచి తోస్తున్నాడు. మూడు ఆదివారాలయింది." ఎడ్నా కాగితం ఎత్తి చూపించింది. గళ్లన్నీ పెన్సిల్‌తో నింపి ఉన్నాయి. "స్టాండులో కూర్చుని నా కోసం రాస్తున్నాడు. నేనడిగానా?"

గ్లెనిస్ వంగి చూసింది. ఎడ్నా వేలు ఒక గడి మీద ఆగింది.

"పదకొండో హీటులో తప్పేశాడు. మూడోవాడికి రెండు పాయింట్లు వేశాడు. ఒకటే కదా రావాలి? లెక్క రాదు వెధవకి." కాగితం మడిచింది. "వాల్ట్‌కీ రాదు."

ఇద్దరినీ ఒక్క మాటలో కలిపి ఆమె అనడం అదే మొదటిసారి. గ్లెనిస్ ఆమె పక్కన కూర్చుంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనుకుంది.

"అత్తయ్యా, మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. ఇలాంటి సంగతి ఈ వయసులో తెలియడం..."

"ఈ వయసులోనా?" ఎడ్నా మొదటిసారి మొహం తిప్పింది. "పిచ్చిదానా, యాభై ఆరేళ్ల కిందటే తెలుసు నాకు. ఆ షెర్లీ రాసిన మొదటి ఉత్తరం విప్పింది నేనే, ఆయన చేతికి పోయింది ఆ తర్వాతది. బిడ్డ పుట్టాడు, పేరు గ్రాహమ్ అని రాసింది. వీడి నాన్నే."

"మరి మీరేం చేశారు?"

"పొయ్యిలో పడేసి వంట చేశాను. ఆయన తిన్నాడు."

గోడవతల గొట్టంలోంచి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎడ్నా ఆ చప్పుడు వింటూ టీ తాగింది. సగం తాగి కప్పు పక్కన పెట్టింది.

"సంతకం కావాలన్నాడా లాయరు?"

"భార్య చెబితే ఎదురుండదన్నాడు."

"తే మరి."

"చదివి వినిపించనా?"

"యాభై ఏళ్లు కాపురం చేశాను. ఆయన రాత నాకు నువ్వు చదివి వినిపిస్తావా? పెన్ను ఇయ్యి."

ఉత్తరం రాసింది తన భర్తేనని, అందులో ఒప్పుకున్న బిడ్డ తన భర్త బిడ్డేనని టైపు చేసిన కాగితం కింద ఎడ్నా హార్బొటిల్ తన పేరు రాసింది. ఒక్క అక్షరం చెదరలేదు. గ్లెనిస్‌కు కళ్లనీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ ఈ ముసలిదాన్ని మనసులో ఎన్ని తిట్టుకుంది!

"మీరు చాలా పెద్ద మనసు..."

"చాల్లే. లే ఇక."

"ఇంకొక్కటే అత్తయ్యా. మామయ్యగారు పుట్టినప్పటి కాగితం. రిజిస్ట్రారు దగ్గర దొరకలేదట. మీ దగ్గరుంటే..."

ఎడ్నా పెన్ను మూత పెట్టడం ఆపేసింది.

"అది అడక్కు."

"అది లేకపోతే ఈ సంతకం దేనికి?"

"అడక్కన్నానా!"

"అడుగుతాను!" గ్లెనిస్ గొంతు తనకు తెలియకుండానే లేచింది. "ఉత్తరం తగలబెట్టారు, సరే, అది మీ కడుపుమంట. కాగితం దాచి ఏం బాగుపడతారు? చచ్చినాయన మీద కసి బతికున్న వాడి మీద తీర్చుకుంటారా? పొద్దున్నే నాలుగింటికి లేచి క్యారెట్లు ఏరుకుంటూ, ఆదివారం మీకు ప్రోగ్రాం నింపి తెస్తున్నాడు వాడు. వాడి బతుకు ఇది!"

అరుపు విని నెవిల్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో తుడిచే గుడ్డ అలాగే ఉంది.

"కసి అంటున్నావా?" ఎడ్నా గొంతు పెంచలేదు. "నెవిల్, ఆ బీరువాలో అట్టడుగు కట్ట తియ్యి. అరవై ఒకటో సంవత్సరం."

అతను మోకాళ్ల మీద కూర్చుని పాత ప్రోగ్రాంల కట్ట లాగాడు. రబ్బరు బ్యాండు ముట్టుకోగానే తెగిపోయింది. అట్ట మీద కుర్రవాడైన వాల్ట్ నవ్వుతూ బండి మీద కూర్చున్న బొమ్మ ఉంది. కింద 'మన ఊరి బిడ్డ' అని ఉంది. మధ్య పేజీల్లోంచి నాలుగు మడతలు పెట్టిన పసుప్పచ్చటి కాగితం జారి పడింది.

గ్లెనిస్ తీసి విప్పింది.

పేరు వాల్టర్ కియో. తల్లి బ్రిజెట్ కియో, పొలం కూలి. తండ్రి పేరు ఉండాల్సిన చోట ఒక గీత. పుట్టిన చోటు వెక్స్‌ఫర్డ్ అని మాత్రమే ఉంది. అది ఐర్లండులో ఊరని గ్లెనిస్‌కు తెలుసు.

"ఎవరిది ఇది?" అన్నాడు నెవిల్.

"మీ నాన్నది."

"మా నాన్న హార్బొటిల్."

"హార్బొటిల్ ఆ తర్వాత వచ్చాడు. మీ నానమ్మ చంకలో పిల్లాణ్ణేసుకుని ఇక్కడికి చక్కెర దుంపలు పీకడానికొచ్చింది. రెండేళ్లకి హార్బొటిల్ ఆమెను చేసుకుని పిల్లాడికి తన పేరిచ్చాడు." ఎడ్నా ఎక్కడా తడుముకోకుండా చెప్పింది. ఎన్నో ఏళ్లుగా లోపల పెట్టుకున్న పాఠం కాబోలు. "ఆ రోజుల్లో ఇళ్ల కిటికీల్లో ఐర్లండు వాళ్లకి గది లేదని అట్టలు కట్టేవాళ్లు. మన ఊరివాడు, మన ఊరివాడు అని జనం జెండాలు ఊపుతుంటే, నేను మీ ఊరివాణ్ణి కాదని ఏ నోటితో చెప్తాడు? పెళ్లికి ముందురోజు నాకు చూపించి ఏడ్చాడు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టేయించుకున్నాడు. ఆ షెర్లీ సంగతి ఊరంతా దండోరా వేసినా తల దించుకుని ఊరుకునేవాడేమో. ఈ కాగితం చూపిస్తే మాత్రం బతికేవాడు కాదు."

నెవిల్ నేల మీదే కూర్చుండిపోయాడు.

"గేటు," అన్నాడు చివరికి. "గేటు మీద నేనే రాయించాను."

గ్లెనిస్ అతని మాట వినడం లేదు. వీసా నిబంధనలున్న పేజీ ఆమెకు కంఠతా వచ్చు. పది పన్నెండు సార్లు చదివింది. మధ్యలో ఐర్లండు గురించి ఒక వాక్యం ఉంది. మనకి సంబంధం లేనిదని ప్రతిసారీ దాన్ని దాటేసింది. తాత ఇప్పటి ఐర్లండులో పుట్టినవాడైతే, అది ఈ దేశంలో భాగంగా ఉన్నప్పుడే, అంటే 1922 మార్చి ముప్పై ఒకటి నాటికే పుట్టి ఉండాలి.

వాల్ట్ పుట్టింది ముప్పై ఎనిమిదిలో. పదహారేళ్లు ఆలస్యం.

"మీకు తెలుసా అత్తయ్యా? ఇది పనికిరాదని?"

"మొన్న నువ్వు వంటింట్లో ఆ రూలు పైకి చదివినప్పుడు విన్నాను. ఈ గోడలు పల్చన." ఎడ్నా కిటికీ వైపు చూసింది. "ఇయ్యకపోతే, ఇయ్యలేదని నన్ను తిట్టుకుని పోతాడు. ముసలి ముండ కాగితం దాచిందనుకుంటాడు. అది నయం కాదూ? తాత పనికిరాలేదనుకోవడం కంటే?"

"మరి సంతకం ఎందుకు పెట్టారు?"

"అదీ నిజమే కదా. వాడు ఆయన మనవడే. దాన్నెందుకు కాదంటాను?"

 పెరట్లో నీళ్ల చప్పుడు ఎప్పుడు ఆగిందో ముగ్గురిలో ఒక్కరూ గమనించలేదు.

"పన్నెండింటికి వాడికేం చెప్పను?" అన్నాడు నెవిల్.

"ఏ వాడికి?" అంది గ్లెనిస్. "కాటింగ్‌హామ్‌కా, లాకీకా?"

జవాబు రాకముందే తలుపు మెల్లగా తోసుకుని లాకీయే వచ్చాడు. బూట్లు గుమ్మం దగ్గర విడిచి మేజోళ్లతో నిలబడ్డాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు. మూడు వారాల్లో ఆ గదిలో వాడు అడుగు పెట్టడం అదే మొదలు.

"అరుపులు వినిపించాయి. నా వల్లే అయితే... నేను పై నుంచి సంచి తెచ్చేసుకుంటాను గ్లెనిస్. నా కోసం మీరు కొట్టుకోవద్దు." అంటూండగానే వాడి కళ్లు బల్ల మీద సంతకం మీద పడ్డాయి. తర్వాత గ్లెనిస్ చేతిలోని పసుప్పచ్చ కాగితం మీద పడ్డాయి. మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"ఇచ్చారా! మిసెస్ హార్బొటిల్, మీరు... నేనేమని..."

"మిసెస్ ఏమిటి మిసెస్? ఎడ్నా అను," అంది ముసలామె. "కూర్చో నాయనా. ముందు కూర్చో."

వాడు కూర్చోలేదు. గ్లెనిస్ చేతిలోంచి కాగితాన్ని రెండు చేతులతో, చంటిపిల్లను అందుకున్నట్టు అందుకున్నాడు. ఆమె వేళ్లు దాన్ని ఒక్క క్షణం వదల్లేదు. తర్వాత వదిలేశాయి.

"వాల్టర్... కియో. పేరు మార్చుకున్నారా? వెక్స్‌ఫర్డ్ అంటే ఎక్కడ? ఇక్కడికి దగ్గరేనా?"

గ్లెనిస్ నెవిల్‌ను చూసింది. నెవిల్ నేలను చూశాడు.

"సముద్రం అవతల," అంది ఎడ్నా.

లాకీ పక్కున నవ్వాడు. ఆ ఇంట్లో వారం రోజులుగా వినబడని నవ్వు అది.

"అయితే ఆయనా నాలాగే సముద్రం దాటొచ్చిన వాడేనన్నమాట! ఎవరూ చెప్పలేదే నాకు!"

తలను రెండుసార్లు కుడి భుజానికి తాకించి, కాగితాన్ని వెలుతురుకు పెట్టి మళ్లీ చదువుకున్నాడు. ఎడ్నా కళ్లు మూసుకుంది.

వంటింటి బల్ల మీద నెవిల్ ఫోన్ మోగింది.

"కాటింగ్‌హామే!" లాకీ అప్పటికే గుమ్మం దాటాడు. "ఉండండి, ఉండండి, నేను చెప్తాను. ఈ ఒక్కసారికి నన్నే చెప్పనివ్వండి!"

"లాకీ, ఆగు!" గ్లెనిస్ లేవబోయి బల్ల కాలు తగిలి తూలింది. టీ కప్పు దొర్లి, ఎడ్నా సంతకం మీదుగా టీ పారింది.

వంటింట్లోంచి వాడి గొంతు, సంతోషంతో పగిలిపోతూ, ఇల్లంతా వినిపించింది.

"దొరికిందండీ! అన్నీ వచ్చేశాయి! నా పేరు రాసెయ్యండి!"